పాల్ వీధి కింద

వంతెన పిట్టగోడకి ఆనించి ఉన్న సైకిల్‌ని చూడగానే మోస్టిన్ దాన్ని ఆత్మహత్య కింద రాసేసుకున్నాడు. నేను కారు దిగేసరికే ఇద్దరు ఈతగాళ్ళు నడుముకి తాళ్ళు కట్టుకుని నదిలో వెతుకుతున్నారు. తెల్లవారుజామున మొదలైన వాన ఇంకా తగ్గలేదు. నీళ్ళు మట్టిరంగుకి తిరిగి, ఒడ్డున ఉన్న బెంచీల కాళ్ళదాకా వచ్చాయి.

చీఫ్ ఇన్‌స్పెక్టర్ మోస్టిన్ జిల్లా కేంద్రం నుంచి వచ్చినవాడు. నేను, తెగ్వెన్ ప్రొథెరో, ఈ అబర్‌వెన్ ఠాణాకే ఇన్‌స్పెక్టర్‌ని, ఈ ఊళ్ళోనే పుట్టినదాన్ని. మా ఇద్దరికీ పడదన్న సంగతి ఠాణాలో టీ కాచే ఆవిడకి కూడా తెలుసు.

కనబడకుండా పోయిన మనిషి మిస్ ఎలునెద్ బేనన్. డెబ్బై దాటింది. ఊళ్ళో సగం మందికి భూగోళం నేర్పింది, నాకు కూడా. రిటైరయ్యాక ఆమె పెట్టుకున్న పని ఒకటే: మాయమైపోయిన వీధుల పేర్లు వెతకడం. ఒకప్పుడు కౌన్సిల్ వాళ్ళు గనికార్మికుల పాత ఇళ్ళని వరసలకి వరసలు కూల్చేసి రోడ్లూ కారు పార్కులూ వేశారు. ఇళ్ళతో పాటు వీధుల పేర్లు కూడా పోయాయి. మిస్ బేనన్ ముసలివాళ్ళ వంటిళ్ళలో కూర్చుని ఆ పేర్లు ఒక్కొక్కటీ రాబట్టి, నల్లరాతి పలకల మీద చెక్కించి, వీధి ఉన్నచోట ఏ గోడ మిగిలితే ఆ గోడకి స్వయంగా బిగించేది. కౌన్సిల్‌ని ఒక్కసారి కూడా అనుమతి అడగలేదు. నిన్న మధ్యాహ్నం కొత్త పలకొకటి బుట్టలో పెట్టుకుని, సైకిల్ తోసుకుంటూ ఇంట్లోంచి బయల్దేరింది. తిరిగి రాలేదు.

“ఒంటరి మనిషి, వయసైపోయింది, పక్కనే నది. ఇంతకంటే నీకేం కావాలి?” అన్నాడు మోస్టిన్, గొడుగు నా వైపు జరపకుండానే.

నేను సైకిల్ దగ్గర కూర్చున్నాను. వంతెనకి అటూ ఇటూ దారి మొత్తం ఏడాది పొడుగునా బొగ్గుపొడి కలిసిన నల్లబురదే. నా బూట్లకి అప్పటికే మడమల దాకా అంటుకుంది. సైకిల్ చక్రాల్లో మాత్రం చుక్క నలుపు లేదు. మడ్‌గార్డు లోపల వేలుపెట్టి తీస్తే ఎర్రటి రవ్వలు వచ్చాయి. గని చెత్త పోసిన బొగ్గుతిప్పలు లోలోపల కాలితే మిగిలే ఎర్రబూడిద అది. మా లోయలో దాన్ని ఆటస్థలాల మీద పరుస్తారు.

“ఆవిడ తుంటి ఎముక పాడైంది సార్. సైకిల్ ఎక్కలేదు. చేతికర్రకి బదులు దాన్ని తోసుకుని తిరుగుతుంది. ఇక్కడిదాకా తోసుకొస్తే ఈ బురద అంటాలి కదా. ఎవరో బండిలో వేసుకొచ్చి ఇక్కడ దించారు.”

“ఎవరో.”

“బుట్టలో సుత్తి ఉంది, మరలు ఉన్నాయి. పలక లేదు.”

“పలకతో సహా దూకింది. బరువుంటే తొందరగా మునుగుతారు.” మోస్టిన్ నవ్వలేదు కానీ పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. “చూడు తెగ్వెన్, నువ్వింకా ఆవిడ క్లాసులోనే కూర్చున్నావు. సాయంత్రానికి శవం దొరుకుతుంది. ఈలోగా నీ ఎర్రబూడిదతో ఆడుకో. మనుషుల్ని మాత్రం అడక్కు, ఒక్కణ్ణి కూడా ఇవ్వను.”

అడగనని చెప్పి వచ్చేశాను.

మిస్ బేనన్ పక్కింట్లో ఉండే హావిస్ పారీ నా కోసమే కాచుకుని ఉన్నట్టుంది, బెల్లు నొక్కకముందే తలుపు తీసింది. భర్త గనిలో పోయిన దగ్గర్నుంచి నల్లబట్టలే కడుతోంది, నలభై ఏళ్ళుగా. చిన్నప్పుడు మేమంతా ఆవిణ్ణి ఆంటీ అనేవాళ్ళం, ఇప్పటికీ అదే పిలుపు. ఎండుద్రాక్ష రొట్టె కోసి నా ముందు పెట్టి, నేను తినేదాకా నోరు విప్పలేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

పోయిన వారం మిస్ బేనన్ కొండమీది వృద్ధాశ్రమానికి వెళ్ళిందట. అక్కడ మంచాన పడ్డ ఒక ముసలమ్మ పాల్ వీధిలో పుట్టిన మనిషి. పాల్ వీధి పేరు నేనూ విన్నాను. అది కూల్చేనాటికి నేను చాలా చిన్నదాన్ని, ఎక్కడుండేదో కూడా గుర్తులేదు.

“ఇంటికొచ్చి ఒకటే నవ్వు,” అంది హావిస్ ఆంటీ. “‘సెయింట్ పాల్ ఈ ఊరి మొహం ఎప్పుడు చూశాడు హావిస్, ఇక్కడ ఆయన పేరున గుడి కాదు కదా గుడిసె కూడా లేదు’ అని. అది పాల్ కాదట తల్లీ. పుల్ అట.”

మా భాషలో పుల్ అంటే గొయ్యి, బొగ్గు తవ్విన గని గొయ్యి కూడా. ఆ మాట చివర నాలుక పక్కనుంచి గాలి వదలాలి, అది ఇంగ్లీషువాడి నోటికి తిరగదు. ఎప్పుడో వీధులకి పేర్ల పలకలు రాయడానికి వచ్చిన గుమస్తా గొయ్యి వీధి అని చెబితే పాల్ వీధి అని విన్నాడు, విన్నదే రాశాడు. తర్వాత పుట్టినవాళ్ళు గోడ మీద ఉన్నదే చదివారు. ఆ ముసలమ్మ అమ్మమ్మ మాత్రం చచ్చేదాకా పుల్ వీధి అనే అనేదట. పిల్లల్ని ఇంటి వెనక్కి పోనిచ్చేది కాదట.

“మరి ఆ నవ్వు ఎప్పుడు ఆగింది ఆంటీ?”

“నిన్న పొద్దున. ఇదే కుర్చీలో కూర్చుంది. టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. ‘పాల్ వీధి ఉన్నచోట ఇప్పుడేముందో నీకు గుర్తుందా హావిస్’ అంది. కాసేపు ఆలోచించాను. గుర్తొచ్చాక నాకూ టీ దిగలేదు.”

“ఏముంది?”

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. “చిన్నపిల్లల బడి,” అంది.

బొగ్గు, బడి అన్న రెండు మాటలు పక్కపక్కన వింటే మా లోయల్లో ఒక వయసు దాటినవాళ్ళెవరూ మాట్లాడరు. కళ్ళు దించుకుంటారు. ఒకప్పుడు పక్క లోయలో వానకి బొగ్గుతిప్ప జారి ఒక బడి మీద పడి, పిల్లల్ని పూడ్చేసింది. మా ఊరి బడి వెనక ఆటస్థలంలో ఉన్నది ఎర్రబూడిదే. శరదృతువు సెలవులు కాబట్టి పిల్లలు లేరు. సోమవారం మళ్ళీ వస్తారు.

వెళ్ళబోతుంటే హావిస్ ఆంటీ మరో సంగతి చెప్పింది. నిన్న ఇక్కణ్ణుంచి మిస్ బేనన్ నేరుగా కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళిందట, సర్వేయర్ మెర్విన్ క్రాడక్‌ని కలవడానికి. ఆ బడికి స్థలం చూసినవాడూ, నేల పరీక్ష చేసి బాగుందని సంతకం పెట్టినవాడూ ఆయనే.

క్రాడక్ నన్ను చూడగానే లేచి నిలబడి కుర్చీ లాగి వేశాడు. వచ్చే ఏడాది రిటైర్ కాబోయే మనిషి. తెల్లటి చేతులు, మెత్తటి గొంతు. మా నాన్న అంత్యక్రియల్లో శవపేటిక మోసిన ఆరుగురిలో ఒకడు. మిస్ బేనన్ గురించి అడగ్గానే రెండు చేతుల్లో మొహం దాచుకుని, మళ్ళీ తలెత్తి అన్నిటికీ ఓపిగ్గా జవాబులు చెప్పాడు. అవును, నిన్న ఉదయం వచ్చింది. పాల్ వీధి గురించి అడిగింది. బడి కట్టేముందు నేల పరీక్షించామనీ, గొయ్యి గియ్యి ఏమీ లేదనీ చెబితే ఆవిడ ఒప్పుకుంది. కానీ మనిషి దిగులుగా ఉంది. ఇంక అలిసిపోయాను మెర్విన్ అని కూడా అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నటన అనిపించలేదు నాకు.

“తర్వాత మళ్ళీ చూడలేదా?”

“లేదమ్మా.”

“నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?”

“చాపెల్‌లో మీటింగుంది. కొంచెం ఆలస్యంగా వెళ్ళాను, తలనొప్పిగా ఉండి.” ఆయన బల్లమీది కాగితాలు సర్దాడు. “పాపం, ఆ పలక కూడా గోడకి బిగించలేకపోయింది.”

ఆయన సర్దిన కాగితాల్నే మళ్ళీ సర్దుతున్నాడు.

“పలక సంగతి మీకెలా తెలుసు క్రాడక్ గారూ? దాన్ని ఆవిడ తీసుకుని బయల్దేరింది మధ్యాహ్నం తర్వాత. మీరేమో పొద్దున తప్ప చూడలేదంటున్నారు.”

“ఊళ్ళో అందరూ అనుకుంటున్నారుగా. సైకిలూ, పలకా...”

అది నిజం కావచ్చు. మా ఊళ్ళో కానిస్టేబుళ్ళు నోరు కట్టేసుకుని ఉండరు. నిజం కాకపోనూ వచ్చు. బడి ఆటస్థలం చూడాలని చెప్పాను. ఆయన చెయ్యి వెంటనే సొరుగులోకి వెళ్ళింది. తాళాలు తన దగ్గరే ఉన్నాయనీ, తనూ వస్తాననీ అన్నాడు. తాళాలు తీసుకుని నేనొక్కదాన్నే వెళ్ళొచ్చు. కానీ ఆయన్ని వెనక వదిలి వెళ్ళడం కంటే కళ్ళ ముందు ఉంచుకోవడమే మేలనిపించింది.

బయల్దేరే ముందు ఆయన ఫోన్ నుంచే ఠాణాకి కలిపాను. ఎత్తింది మోస్టిన్.

“నువ్వు కౌన్సిల్ ఆఫీసులో ఏం చేస్తున్నావు? ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి నిన్నెక్కడున్నావని అడుగుతున్నావట. అక్కడి టైపిస్టు అప్పుడే ఫోన్ చేసి మేయర్‌కి చెప్పింది, మేయర్ నాకు చెప్పాడు. కేసులోంచి నిన్ను తీసేశాను. ఠాణాకి వచ్చెయ్.”

“సార్, ఆ బడి...”

“వచ్చెయ్ అన్నాను. ఆవిడ స్కార్ఫు దొరికింది నదిలో. ఇంక నీ కథలు ఆపు.”

రిసీవర్ పెట్టేశాను. ఎక్కడికి వెళుతున్నానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. స్కార్ఫు మాట మాత్రం దారిపొడుగునా నన్ను వదల్లేదు. సైకిల్‌ని తెచ్చి పెట్టినవాడు స్కార్ఫు కూడా విసరగలడు. కానీ విసిరేముందు దాన్ని ఆవిడ మెడలోంచి తీసి ఉండాలి.

ఆటస్థలం ఖాళీగా ఉంది. వెనకగోడ మాత్రం బడి కంటే పాతది, పాల్ వీధి ఇళ్ళలో మిగిలిన చివరి గోడ అదే. ముందు దాన్ని చూశాను. నా భుజమంత ఎత్తున ఇటుకల్లో నాలుగు రంధ్రాలున్నాయి. లోపల తాజా ఎరుపు, అంచుల్లో పగిలిన రాతి పెచ్చులు. పలక బిగించారు, తర్వాత ఎవరో దాన్ని కడ్డీ పెట్టి పీకేశారు. ఆమె పని పూర్తి చేసింది.

“ట్రెహార్న్ మనుషులై ఉంటారు,” అన్నాడు నా వెనక క్రాడక్. “పోయిన వారం ఈ నేల చదును చేసింది ఆ కంట్రాక్టరు మనుషులే. తాగుబోతులు.”

నేను నేలవైపు తిరిగాను. వాన పొద్దున్నించీ కురుస్తోంది. ఆటస్థలమంతా చిన్నచిన్న మడుగులు కట్టింది. గోడకి కాస్త ఇవతల, గది వెడల్పున ఒక్కచోట మాత్రం నీళ్ళు నిలవలేదు. పడ్డ నీరు పడ్డట్టే ఇంకిపోతోంది. అక్కడ ఎర్రబూడిదని పళ్ళగొర్రుతో దువ్విన గీతలు కూడా ఇంకా చెరగలేదు. మోకాళ్ళమీద కూర్చుని చేతుల్తో తోడాను. జానెడు లోతున చెక్క తగిలింది. తారుపూసిన దుంగలు, వాటిమీద అడ్డంగా చెక్కలు. ఒక చెక్కని పక్కకి లాగితే చల్లటి గాలి మొహానికి కొట్టింది. తడిసిన బొగ్గు వాసన.

“మిస్,” అని పిలిచాను లోపలికి. బళ్ళో పిలిచినట్టే పిలిచాను.

చాలాసేపు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ఒక మూలుగు.

క్రాడక్ మొహంలో రంగు లేదు. నేను ఆలోచించక తప్పలేదు. కారులో వైర్‌లెస్ ఉంది, కొండల మధ్య ఈ పల్లంలో అది పలకదు. దగ్గర్లో ఫోన్ ఉన్నది వీధి చివర కొట్లో. నేను వెళితే ఈ మనిషిని ఈ గొయ్యి దగ్గర ఒంటరిగా వదలాలి. అది నేను చేయలేను. అందుకని ఆయన్నే పంపించాను. అంబులెన్సు, ఫైరింజన్, ఠాణా, మూడింటికీ చెప్పమన్నాను. ఆయన పరుగెత్తాడు.

నేను గొయ్యి అంచున పడుకుని మాట్లాడుతూనే ఉన్నాను. టార్చి వెలుగులో ఆమె కనబడింది. రెండంతస్తుల లోతున్న గోతిలో, రాళ్ళూ మట్టీ కుప్పపడ్డ గట్టు మీద ఒరిగి ఉంది. కాలు వంకరగా మడత పడింది. నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చి, నేను చూస్తుండగానే ఆమె చెయ్యి మీదికి ఎక్కాయి.

క్రాడక్ రొప్పుతూ తిరిగి వచ్చాడు. అందరికీ చెప్పాననీ, బయల్దేరారనీ అన్నాడు. నేను ఎదురుచూశాను. రోడ్డు మీద ఏ సైరనూ లేదు. కిందనుంచి మూలుగు కూడా ఆగిపోయింది. ఇంకోసారి పిలిచాను. జవాబు లేదు. టార్చి వేస్తే నీళ్ళు ఆమె భుజాన్ని తాకుతున్నాయి.

ఆటసామాను గదిలో తాడులాటకి వాడే లావు తాడు ఉంది. దాని ఒక కొస గోడ పక్కనున్న ఇనపస్తంభానికి నేనే కట్టాను, మూడుసార్లు లాగి చూసుకున్నాను. క్రాడక్ మీద నాకు నమ్మకం లేదు. అయినా ఆమె మునిగిపోతుంటే అంచున కూర్చుని ఆయన మొహం చూస్తూ ఉండలేను కదా. ఒక మనిషికి ఎంత చెడ్డతనం ఉన్నా, ఇద్దరు ఆడవాళ్ళు గోతిలో ఉండగా తాడు తీసేంత ఉండదనుకున్నాను.

దిగేముందు ఆయన కళ్ళలోకి చూసి చెప్పాను. “ఈ తాడు ముట్టుకోవద్దు. అవసరమైతే నేనే పైకి వస్తాను.”

“అలాగే తల్లీ,” అన్నాడు.

కిందికి దిగి ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని గట్టు పైకి లాగాను. ఒళ్ళు మంచులా ఉంది కానీ ఊపిరి ఉంది. నా కోటు కప్పి చెంపలు రుద్దితే కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

“ప్రొథెరో పిల్లవి కదూ నువ్వు,” అంది. “మాట్లాడకుండా వెనకబెంచీలో కూర్చునేదానివి.”

“నేనే మిస్. క్రాడక్‌తో ఫోన్ చేయించాను, అందరూ వస్తున్నారు. కాస్త ఓర్చుకోండి.”

ఆమె మాటలు ముక్కలుముక్కలుగా వచ్చాయి. నిన్న ఆమె పలక బిగించి సామాను బుట్టలో పెట్టుకుంటుంటే క్రాడక్ వచ్చాడట. కోపగించలేదట. పిల్లల మీద ఒట్టేసి అంతా చెప్పుకున్నాడట: బడి కట్టడానికి నేల చదును చేసేటప్పుడే ఈ దుంగలు చూశాడు. బడి ఆ ఏడే తెరవాలని కౌన్సిల్‌లో పెద్దవాళ్ళు తొందరపెడుతున్నారు. పాత పటాల్లో పాల్ వీధి అనే ఉంది కాబట్టి ఎవరూ గొయ్యి అనుకోరు. చెక్కలు కప్పి, మట్టి పోసి, సంతకం పెట్టేశాడు. పెద్దవాన పడ్డ ప్రతిసారీ వచ్చి ఇక్కడ నిలబడి చూసి పోయేవాడు.

“ఏడ్చాడు తెగ్వెన్. నిజంగా ఏడ్చాడు. నేను ఓదార్చాను కూడా. పొద్దున్నే వెళ్ళి ఇద్దరం కలిసి చెబుదామన్నాను. సరేనన్నాడు. గొయ్యి ఎలా ఉందో చూపిస్తానని ఈ చెక్క తీశాడు. నేను వంగి చూశాను. వెనకనుంచి తోశాడు, స్కార్ఫు ఆయన చేతిలోనే ఉండిపోయింది.”

నేను ఇంకేదో అడగబోతుంటే పైన, బడి గేటు వైపునుంచి, పెద్ద ఇంజన్ చప్పుడు వినిపించింది.

“వచ్చేశారు మిస్. ఫైరింజన్ అది.”

మిస్ బేనన్ ఆ చప్పుడు వింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

“ఆయన ఎవరికీ ఫోన్ చేసి ఉండడు. పిల్లలు తిరిగొచ్చేలోగా దీన్ని పూడ్చేయడానికి అంతా సిద్ధం చేసుకున్నానని నిన్ననే చెప్పాడు నాతో. అది కాంక్రీటు లారీ.”

నేను లేచి గొంతు చించుకుని అరిచాను. ఇంజన్ దగ్గరికొచ్చింది. నా కేక నాకే వినబడలేదు. తాడు అందుకుని పైకి ఎగబాకబోయాను. అది బరువు పట్టలేదు. మొత్తం తాడు మెత్తగా జారి వచ్చి నా భుజం మీదా, ఆమె కాళ్ళ మీదా పడింది. కొసని కోశారు. పైన వెలుగు సగం మూసుకుంది. అక్కడ నిలబడ్డ మనిషి గొయ్యిలోకి చూడటం లేదు. మా వైపు వీపు పెట్టి, చెయ్యి ఊపుతూ, ఇంకా కొంచెం వెనక్కి రమ్మని లారీ డ్రైవర్‌ని పిలుస్తున్నాడు.